సబ్బవరంలో మా అమ్మకో మొగుడు

మా అమ్మకి కడుపులో నొప్పి వస్తే సోడా తాగుతుంది. తగ్గకపోతే ఇంకో సోడా తాగుతుంది. అప్పటికీ తగ్గకపోతే ఎవరి దిష్టి తగిలిందా అని ఆలోచిస్తుంది. అనకాపల్లి బజారులో ఎండుచేపల గంప ముందు కూర్చునే మనిషికి దిష్టి పెట్టేంత కుళ్ళు ఎవరికుంటుందమ్మా అంటే, "నీకేటి తెలుసే, నా గొంతంటే అందరికీ ఏడుపే" అనేది. అందులో కొంత నిజం లేకపోలేదు. అమ్మ "నెత్తళ్ళో" అని ఒక్క కేక వేసిందంటే, పక్క వీధి బట్టల షాపులో చీరలు మడతలు పెట్టుకుంటున్న నాకు వినిపిస్తుంది. చీర కొనడానికొచ్చినవాళ్ళకీ వినిపిస్తుంది. మా ఓనరు నా వైపు చూస్తాడు. నేను చీర వైపు చూస్తాను.

అమ్మది పూడిమడక. నాన్న వేటకెళ్ళేవాడు. అంత సముద్రమూ ఏమీ చెయ్యలేని మనిషి విషజ్వరంతో పోయాడు. ఆ తర్వాత అమ్మ నా దగ్గరికి అనకాపల్లి వచ్చేసింది. నా దగ్గరికంటే నా ఇంట్లోకి కాదు. అల్లుడి ఇంట్లో కూర్చుని తినే రకం కాదు తను. మా వాటా పక్కనే ఒక గది అద్దెకి తీసుకుంది. అన్నం మాత్రం మా ఇంట్లోనే తినేది, ఉప్పు తక్కువైందని చెప్పడానికి.

ఒకరోజు సోడాలు పనిచెయ్యలేదు. బజార్లో గంప మీదకే ఒరిగిపోయింది. పక్కన కూరగాయలమ్మే ఆవిడ పరిగెత్తుకొచ్చి చెప్తే, ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. స్కానింగు తీశారు. డాక్టరు ఆ ఫోటో చూపిస్తూ, పిత్తాశయం నిండా రాళ్ళున్నాయి, ఆపరేషన్ చేసి తీసెయ్యాలి అన్నాడు.

"రాళ్ళేటి బాబూ," అంది అమ్మ బల్ల మీద పడుకునే. "నాను బియ్యం ఏరుకోకుండా ఏనాడూ వండలేదే."

కింద అంతస్తులో, పేదలకి సర్కారిచ్చే ఆరోగ్య కార్డులు చూడ్డానికి ఒక బల్లా, ఆ బల్ల వెనక ఒకాయనా ఉన్నారు. కార్డుంటే ఆపరేషను పూర్తిగా ఉచితం. లేకపోతే ఎంతవుతుందో ఒక చీటీ మీద రాసిచ్చాడు. ఆ చీటీ అమ్మకి చూపించకుండా నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచాను. అమ్మ పాత కార్డు నాన్న పేరు మీద ఉండేది. నాన్నతోపాటు అదీ పోయింది. కొత్తది పెట్టుకోండమ్మా అని ఎవరో చెప్పారు, మేము అలాగే అన్నాం, అక్కడితో మరిచిపోయాం. ఒంట్లో బాగున్నప్పుడు ఆసుపత్రి కార్డు గురించి ఎవరాలోచిస్తారు?

మర్నాడు ఒక పూట సెలవు పెట్టి అమ్మని వార్డు సచివాలయానికి తీసుకెళ్ళాను. నేను డిగ్రీ చదివాను కాబట్టి పావుగంటలో పనైపోతుందని, మధ్యాహ్నం షాపుకొచ్చేస్తానని ఓనరుకి చెప్పాను కూడా.

అక్కడ కంప్యూటరు ముందున్న అమ్మాయి చాలా మంచిది. తన అన్నం క్యారియరు ప్రింటరు మీద పెట్టుకుంది. ప్రింటరు ఎండాకాలం నుంచీ పనిచెయ్యట్లేదట, కనీసం ఇలాగైనా ఉపయోగపడుతోందని నవ్వింది. అమ్మ ఆధార్ నంబరు కొట్టింది. చాలాసేపు తెర వైపు చూసింది. మళ్ళీ కొట్టింది.

"మీ అమ్మగారికి అర్హత లేదండీ," అంది. "పింఛనుదారు కుటుంబం."

"ఎవరి పింఛను?"

"వాళ్ళ ఆయనది. రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు. సబ్బవరం."

వెనక లైన్లోవాళ్ళు మెడలు సాచారు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అడిగింది.

"నాకా?"

"అవునండీ. కుటుంబ పెద్ద ఆయన. మీరు భార్య."

"ఎప్పుడయిందే అమ్మా ఈ పెళ్ళి? నన్ను పిలవలేదేటి?"

లైను లైనంతా ఒక్కసారిగా నవ్వింది. ఒక ముసలాయన "అదురుట్టం కలిసొచ్చిందప్పా, పింఛనున్న మొగుడు" అన్నాడు. అమ్మ వెనక్కి తిరిగి ఆయన్ని ఒక చూపు చూసేసరికి, ఆయన తన కాయితాలు సర్దుకోవడంలో పడ్డాడు.

ఆ అమ్మాయి గొంతు తగ్గించి సంగతి చెప్పింది. ఎప్పుడో ఇంటింటికీ తిరిగి సర్వే చేసినప్పుడు ఒక అంకె అటూ ఇటూ అయ్యుంటుంది. ఇలాంటివి చాలా ఉన్నాయట. ఒకాయన తన బావమరిదికి కూతురట. అయితే ఒకసారి కంప్యూటరులో ఒక కుటుంబంలో చేరాక, ఆ ఇంటి పెద్ద వచ్చి ఒప్పుకుంటేగాని బయటికి రాలేరు.

"ఆయన్ని తీసుకొస్తే విడగొట్టేస్తానండీ," అంది.

అలా మేము మా అమ్మ మొగుణ్ణి వెతుక్కుంటూ సబ్బవరం బయల్దేరాం.

ఒకరింటికి వట్టి చేతుల్తో వెళ్ళడం అమ్మకి చేతకాదు. పొట్లం నిండా మంచి నెత్తళ్ళు కట్టింది. వద్దంటే వినలేదు. "కడుపులో నొప్పుంటే ఇంట్లో ఉండు, నేనెళ్తాను" అంటే, "నా మొగుడు ఇంటికి నువ్వెల్తే బాగుంటాదేటే?" అంది. బస్సులో మా చుట్టూ ఉన్న సీట్లు తొందరగానే ఖాళీ అయ్యాయి.

సబ్బవరంలో డ్రిల్లు మాస్టారి ఇల్లంటే అందరికీ తెలుసు. గుమ్మానికి మామిడాకుల తోరణం, లోపల్నుంచి అగరొత్తుల వాసన. తలుపు తీసింది ఆయన భార్య. అంటే నిజం భార్య. లావుపాటి కళ్ళద్దాలు, చేతికి పిండి. నేను మొదట్నుంచీ మెల్లగా చెప్పుకొద్దామనుకున్నాను. అనకాపల్లి నుంచి వచ్చామని, సచివాలయంలో పంపించారని, మా అమ్మ సొంతూరు పూడిమడకని అన్నాను.

పూడిమడక అన్న మాట వినగానే ఆవిడ మొహం మారిపోయింది.

"ఏవండీ," అని లోపలికి కేకేసింది. "ఆవిడొచ్చింది."

తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆవిడ ఆ ముందు సంవత్సరమే ఏదో కాయితం కోసం వాళ్ళ సచివాలయానికి వెళ్ళిందట. మీరు ఈ ఇంట్లో లేరండీ, ఈయన భార్య పూడిమడక ఆవిడ అని అక్కడ చెప్పారట. కంప్యూటరు తప్పు అని మాస్టారు మొత్తుకున్నారు. కానీ ఆయన సర్వీసులో ఉండగా పిల్లల్ని ఆటల పోటీలకని, పిక్నిక్కులకని ఎన్నోసార్లు పూడిమడక బీచికి తీసుకెళ్ళిన మాట వాస్తవం. కంప్యూటరుకి ఊరికే పూడిమడకే ఎలా తెలిసింది అని ఆవిడ రోజూ అడుగుతూనే ఉంది. ముప్పై ఏళ్ళు గ్రౌండులో ఈలవేసి వేలమంది పిల్లల్ని నిలబెట్టిన మనిషి, ఏడాదిగా సొంతింట్లో నిలబడ్డానికి చోటు లేక తిరుగుతున్నాడు.

ఆయన బయటికొచ్చారు. నల్ల లుంగీ, నల్ల తువ్వాలు, మెళ్ళో అయ్యప్ప మాల. మమ్మల్ని చూసి రెండు చేతులూ జోడించారు.

"స్వామి శరణం. ఎవరు మాతా మీరు?"

నాకు అమ్మ చేతిలో పొట్లం గుర్తొచ్చింది. ఆ లోపే ఆవిడకి వాసన తగిలింది.

"మాల వేసుకున్న ఇంట్లోకి చేపలు తెచ్చేరా?"

అమ్మ ఒక్క అంగలో గేటు బయటికెళ్ళి పొట్లం గోడ మీద పెట్టి వచ్చింది. "తప్పు తల్లీ, తప్పు. మాలేసుకున్నాడని అందులో రాయలేదు. మొగుడని మాత్తరమే రాసుంది."

అమ్మ అరుగు మీద కూలబడి, పొట్ట పట్టుకుని, ఆవిడతోనే మాట్లాడింది. మాస్టారి వైపు చూడనేలేదు.

"సూడు తల్లీ. నాకొక మొగుడుండేవోడు. ఆడు కల్లు తాగేవోడు, పాటలు పాడేవోడు, తెచ్చిన సేపల్లో మంచియన్నీ దారిలోనే పంచీసేవోడు. ఆడితోనే ఏగలేక సచ్చేను. ఇంకో మొగుణ్ణి నానేటి సేసుకుంటాను? నీ మొగుణ్ణి నువ్వుంచుకో. నాకు ఈ కడుపులో రాళ్ళు తీసీమని సెప్పు, సాలు."

ఆవిడ మొదట పెదవులు బిగించింది. తర్వాత కళ్ళద్దాలు తీసింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. నవ్వుతూ నవ్వుతూ పిండి చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. "చూశావా, చూశావా" అని రెండుసార్లు అన్నారు. ఇంట్లో ఉన్న మాతా వచ్చిన మాతా ఇద్దరూ ఆయన్ని పట్టించుకోలేదు. గోడ మీద పొట్లం సంగతి అప్పటికే ఒక పిల్లి చూసుకుంటోంది.

రెండు రోజుల తర్వాత నలుగురం అనకాపల్లి సచివాలయంలో కలిశాం. మాస్టారు వచ్చీ రాగానే అక్కడ గుంపుగా ఉన్నవాళ్ళని పొడుగు ప్రకారం లైన్లో నిలబెట్టారు. ఎవరూ కాదనలేదు. ఆ వయసు మనిషి, మాల వేసుకుని, అంత గట్టిగా "సావధాన్" అంటే ఎవరైనా నిలబడతారు. కంప్యూటరు ముందున్న అమ్మాయి కూడా లేచి నిలబడింది.

మొదటి చిక్కు వేలిముద్ర. ఆయనది వెంటనే పడింది. అమ్మది పడలేదు. ఉప్పులో, పొలుసులో నానిన వేళ్ళు అరిగిపోయి నున్నగా అయిపోయాయి. పదివేళ్ళూ పెట్టింది, కాలి వేలు పెట్టమంటారేటి అని కూడా అడిగింది. చివరికి మొహం ఫోటో తీద్దామన్నారు. ఫోను ముందు పెట్టి కళ్ళార్పమంది ఆ అమ్మాయి. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, తెరవమని ఎవరైనా చెప్తారేమోనని అలాగే కూర్చుంది. మాస్టారు "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అని లెక్కపెడితే, ఆ లెక్క ప్రకారం ఆర్పింది. ఫోను ఒప్పుకుంది.

రెండో చిక్కు అసలైనది. ఇద్దరూ ఒప్పుకున్నా సరిపోదట, విడిపోవడానికి కారణం చెప్పాలట. తెర మీద మూడే కారణాలున్నాయి. పెళ్ళి, విడాకులు, మరణం.

"అసలు పెళ్ళే కాలేదు అని లేదా?" అన్నాను.

"లేదండీ. అలాంటి అవసరం వస్తుందని వాళ్ళు అనుకోలేదు."

విడాకులైతే కోర్టు కాయితం కావాలి. పెళ్ళైతే కొత్త మొగుడి ఆధార్ కావాలి. అమ్మ లైను వైపు ఒకసారి తిరిగి చూసింది. మొన్నటి ముసలాయన ఈసారి కూడా ఉన్నాడు, తల దించేసుకున్నాడు.

మాస్టారి భార్య మెల్లగా అడిగింది. "వీళ్ళ ఆయన పోయిన కాయితం ఉంటుంది కదా. అది పెట్టకూడదా?"

ఆ అమ్మాయి మొహం వెలిగింది. భర్త మరణ ధ్రువపత్రం. అందులో అబద్ధమేమీ లేదు. అమ్మకి భర్త ఉండేవాడు, పోయాడు, దానికి పత్రం ఉంది. నా పర్సులోంచి తీసిచ్చాను. ఆ అమ్మాయి ఫోటో తీసి ఎక్కించింది. తెర మీద పచ్చ టిక్కు పడింది. అమ్మ ఒక్కతే ఒక కుటుంబమైంది. లైనంతా చప్పట్లు కొట్టింది. మాస్టారు అందరికంటే గట్టిగా కొట్టారు. పాపం ఆయనకి అప్పుడేం తెలుసు.

కార్డు వచ్చింది. ఆపరేషనూ అయింది. అమ్మ తన రాళ్ళు చూపించమని డాక్టరుతో పోట్లాడి, చిన్న డబ్బాలో వేయించుకుంది. వార్డులో ఎవరొచ్చినా చూపించేది. పక్క మంచం ఆవిడకి ఒకే ఒక్క రాయి ఉందని తెలిసి కొంచెం చిన్నచూపు కూడా చూసింది. ఇంటికి పంపే రోజు, కార్డు బల్ల దగ్గరున్నాయన ఆమె చేతికి ఒక కాయితమిచ్చి ఫోటో తీస్తానన్నాడు. నవ్వమన్నాడు. "కుట్లు లాగుతన్నాయి బాబూ, నవ్వు కూడా సర్కారు ఖాతాయేనా?" అంది. ఆ ఫోటోలో నవ్వింది అమ్మ కాదు, వెనక నిలబడ్డ నర్సు.

సబ్బవరం ఆవిడ ఆసుపత్రికి రెండుసార్లు వచ్చింది, చారు పట్టుకుని. ఇద్దరూ నాన్న గురించీ, మాస్టారి గురించీ మాట్లాడుకునేవారు. ఆ మాటలు నాకు పూర్తిగా వినపడనిచ్చేవారు కాదు.

సంక్రాంతి దాటాక మాల తీసేసిన మాస్టారు ఒకరోజు షాపుకి నాకోసం వచ్చారు. లోపలికి రాలేదు. గుమ్మంలో చీర కట్టిన బొమ్మ పక్కన నిలబడ్డారు.

"అమ్మా, ఈ నెల నా పింఛను పడలేదు," అన్నారు. "అడిగితే నేను పోయానన్నారు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ తర్వాత పచ్చ టిక్కు గుర్తొచ్చింది. భర్త పోయాడని కాయితం పెట్టాం. పోయిన భర్త ఎవరో కంప్యూటరు తనకి తెలిసినంతలో తను చూసుకుంది. దాని లెక్కలో మా అమ్మకి మొగుడు ఒకడే.

"మా ఆవిడకి ఇంకా కోపం," అన్నారాయన. "నేను పోతే కనీసం తనకి భార్య పింఛనైనా రావాలట. అదీ రాదు. తను భార్య కాదు కదా."

అమ్మకి చెప్పాను. ఇంకా కుట్లు పూర్తిగా మానలేదు, బరువెత్తొద్దన్నారు. ఆ రోజు గంప ముట్టుకోలేదు, కానీ చీర మార్చుకుని సిద్ధమైంది. "నా మూలంగా ఆ బాబు సచ్చిపోతే నాను ఇంట్లో కూకుంటానేటి?"

పింఛన్లు చూసే ఆఫీసులో బల్ల వెనక అధికారి మర్యాదగానే మాట్లాడారు. మాస్టారు బతికున్నట్టు ఆధారం కావాలన్నారు.

"ఎదురుగా నిలబడ్డాను కదండీ," అన్నారు మాస్టారు.

"నాకు కనిపిస్తున్నారు సార్. సిస్టంకి కనిపించాలి."

"కావాలంటే ఇక్కడే దండీలు తీస్తాను." నిజంగానే చొక్కా చేతులు మడుస్తున్నారు. ఆయన భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

మరణం ఎవరు నమోదు చేశారో వాళ్ళే అది తప్పని రాసివ్వాలని అధికారి అన్నారు. అంటే మా అమ్మే. ఒక తెల్లకాయితం ముందు పెట్టారు. అమ్మకి రాయడం రాదు. నేను రాస్తాను చెప్పమ్మా అన్నాను. అమ్మ లేచి నిలబడింది. బజారు గొంతు కాదు. నాకు తెలిసినంతలో అంత మెల్లగా అమ్మ ఎప్పుడూ మాట్లాడలేదు.

"సచ్చినోడు నా మొగుడు. పూడిమడకలో సచ్చేడు, జొరంతో. నా సేతుల్లోనే పోయేడు. ఈ బాబు బతికే ఉన్నాడు. రెండూ రాసుకోండి. ఒకటి రాసి ఒకటి ఒగ్గీకండి."

నేను రాశాను. అమ్మ ముద్ర వేసింది. ఇంకు ముద్ర కాబట్టి పడింది. మాస్టారి భార్య అమ్మ పక్కకొచ్చి కూర్చుంది. అధికారి కాయితం చదివి ఫైల్లో పెట్టుకున్నారు. మాస్టారితో ఫోను ముందు కళ్ళార్పించారు.

తిరిగొచ్చేటప్పుడు అమ్మ బస్సు కిటికీ పక్కన కూర్చుంది. కశింకోట వైపు వెళ్ళే చెరుకు బళ్ళు అడ్డమొచ్చి బస్సు చాలాసేపు ఆగింది. కడుపు నొప్పా అని అడిగాను. కాదంది.

"మీ నాన్న పోయినప్పుడు అందరూ వచ్చేరు, ఏడిసేరు, ఎల్లేరు," అంది. "అన్నీ ఆళ్ళే సెప్పేరు. ఆళ్ళే రాయించేరు. నన్ను ఎవులూ అడగలేదే, నీ మొగుడు ఎలా పోయేడని. ఇయ్యాల ఆ ఆపీసు బాబు అడిగేడు."

అడగలేదమ్మా, కాయితం కోసం అన్నాడు అని చెప్పబోయాను. చెప్పలేదు.

మాస్టారు బతకడానికి మరో రెండు నెలలు పట్టింది. ఒకరోజు ఫోను చేశారు. నేను స్పీకరు పెట్టి అమ్మ ముందుంచాను. మాల తీసేసి ఎన్నాళ్ళైనా ఆయన అమ్మని అలాగే పిలుస్తారు.

"మాతా, నేను బతికానట. పింఛను పడింది."

"మంచిది బాబూ," అంది అమ్మ. "మరి మీ ఆడది?"

అటు పక్క ఫోను చేతులు మారింది. తర్వాత ఆవిడ గొంతు వచ్చింది. తనని భార్యగా ఎక్కించడానికి దరఖాస్తు పెట్టారట. పెళ్ళి ఫోటో అడిగారట. వాళ్ళ పెళ్ళికి ఫోటో తీయించలేదట, అందుకని ఇప్పుడు పూలదండలు వేసుకుని తీయించుకోమని సచివాలయంలో సలహా ఇచ్చారట.

"మీరు రావాలి వదినా," అంది ఆవిడ అమ్మతో. "పెద్దదిక్కుగా."

అమ్మ అప్పుడే ఏ చీర కట్టుకోవాలో నన్ను అడగడం మొదలుపెట్టింది.